పాస్‌వర్డ్ మరిచిపోతే ఫార్మాట్ కొట్టాల్సిందేనా?

ప్రశ్న: మాది తెనాలి. ఇంట్లోనే డీటీపీ పని చేసుకుంటాను. ఆరేళ్ళ కిందట అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్, విండోస్ 10. మా అబ్బాయి విదేశం వెళ్తూ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి కాగితం మీద రాసిచ్చాడు. రెండు నెలలు ఊళ్ళో లేను. తిరిగొచ్చి చూస్తే ఆ పాస్‌వర్డ్ తప్పంటోంది. వాడికీ గుర్తు లేదట. కంప్యూటర్‌లో వేరే అకౌంట్ ఏదీ లేదు. షాపులో అడిగితే ఫార్మాట్ కొట్టాలన్నారు. మదర్‌బోర్డు బ్యాటరీ తీసి పెడితే చాలని ఇంకొకరు. పదేళ్ళ పేజ్‌మేకర్ ఫైళ్ళు, ఇంటి ఫోటోలు అందులోనే ఉన్నాయి. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు

జవాబు: ప్రస్తుతానికి షాపుకూ పంపకండి, స్క్రూడ్రైవరూ పట్టుకోకండి. పాస్‌వర్డ్ పోవడం వేరు, ఫైళ్ళు పోవడం వేరు. పాస్‌వర్డ్ అంటే విండోస్ వీధి తలుపుకు వేసిన తాళం. డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి (కీ లేకుండా చదవలేని సంకేతాల్లోకి మార్చి) ఉంటే తప్ప పెరటి తలుపు తీసే ఉంటుంది, సామాను అటునుంచి తెచ్చుకోవచ్చు. షాపువాళ్ళు మొదటే ఫార్మాట్ అనడం ఎందుకంటే వాళ్ళకు అదే తేలిక. ఫైళ్ళు ముందు బయటికి తీయాలంటే ఒక పూట కూర్చోవాలి.

బ్యాటరీ సంగతి. రూపాయి బిళ్ళంత ఉండే ఆ సీఆర్ 2032 బ్యాటరీ నిలబెట్టేది గడియారాన్ని, బయోస్ (విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) సెట్టింగులను. విండోస్ పాస్‌వర్డ్‌కు సంబంధించిన సమాచారం ఉండేది డిస్క్‌లో, శామ్ అనే ఫైల్లో. బ్యాటరీ తీస్తే పాత డెస్క్‌టాప్‌లలో బయోస్ పాస్‌వర్డ్ పోవచ్చు, విండోస్ పాస్‌వర్డ్ మాత్రం కదలదు. పైగా తేదీ వెనక్కి పోతుంది. డిస్క్ మోడ్ సెట్టింగు మారితే విండోస్ అసలు లేవకుండా కూర్చోవచ్చు. అప్పుడు ఒక సమస్యకు రెండవుతాయి.

కాగితం మీది పాస్‌వర్డ్ నిజంగానే తప్పా అన్నది ముందు తేల్చుకోండి. మీరు తెలుగు టైప్ చేసేవారు కాబట్టి అనుమానం మొదట కీబోర్డు మీదికే పోవాలి. సైన్-ఇన్ తెరలో కుడివైపు కింద మూడక్షరాల భాషగుర్తు ఉందేమో చూడండి. అక్కడ తెలుగు ఉంటే, మీరు కె నొక్కితే పడేది ‘క’, జె నొక్కితే పడేది ‘ర’. పెట్టెలో కనిపించేవి చుక్కలే కాబట్టి ఆ తేడా తెలియదు. ఆ గుర్తు మీద నొక్కి ఇంగ్లీషుకు మార్చండి. విండోస్ కీ పట్టుకుని స్పేస్ బార్ నొక్కినా మారుతుంది. పాస్‌వర్డ్ టైప్ చేశాక పెట్టె చివర కంటి బొమ్మ వస్తుంది. దాన్ని నొక్కి పట్టుకుంటే టైప్ చేసినది పైకి కనిపిస్తుంది. కాగితం పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం సరిపోల్చండి. సున్నాకీ పెద్ద ఓకీ, ఒకటికీ చిన్న ఎల్‌కీ పెద్ద ఐకీ చేతిరాతలో తేడా తెలియదు, కాబట్టి అనుమానం ఉన్నచోట రెండు రకాలుగానూ కొట్టి చూడండి. క్యాప్స్ లాక్ ఎలాగూ చూస్తారు, నమ్ లాక్ కూడా చూడండి. కుడిచేతివైపు అంకెల మీటలతో కొట్టే అలవాటుంటే, నమ్ లాక్ ఆరిపోయినప్పుడు ఆ అంకెలు పడవు. కీబోర్డు పాతబడి ఏదో ఒక మీట పనిచేయకపోవడమూ మామూలే. అది తెలుసుకోవడానికి కింద కుడిమూల ఉన్న ఈజ్ ఆఫ్ యాక్సెస్ బొమ్మలోంచి ఆన్-స్క్రీన్ కీబోర్డు తెరిచి మౌస్‌తో టైప్ చేయండి. (బ్రిటన్‌లో కొన్న లాప్‌టాప్‌లలో ఇంకో తిరకాసు ఉంటుంది: ఆ లేఅవుట్‌లో అట్ గుర్తూ జంట కొటేషన్ గుర్తూ స్థానాలు మార్చుకుంటాయి. పాస్‌వర్డ్‌లో అట్ ఉన్నవారు అక్కడే చిక్కుకుంటారు.)

ఇవన్నీ చూసినా తప్పే అంటే, అది ఏ రకం అకౌంటో తెలియాలి. దారి అక్కడే రెండుగా చీలుతుంది. సైన్-ఇన్ తెరలో మీ అబ్బాయి పేరు కింద ఈమెయిల్ కనిపించినా, పెట్టె కింద ‘ఐ ఫర్‌గాట్ మై పాస్‌వర్డ్’ లేదా ‘ఐ ఫర్‌గాట్ మై పిన్’ అనే లింకు ఉన్నా అది మైక్రోసాఫ్ట్ అకౌంట్ అనుకోవచ్చు. తప్పు పాస్‌వర్డ్ కొట్టి ఓకే నొక్కాక మాత్రమే ‘రీసెట్ పాస్‌వర్డ్’ అనే మాట కనిపిస్తే అది లోకల్ అకౌంట్, అంటే ఆ కంప్యూటర్ వరకే తెలిసినది.

మైక్రోసాఫ్ట్ అకౌంట్ అయితే పని సగం అయినట్టే, అదీ మీ అబ్బాయి ఉన్నచోటే. తన ఫోన్‌లోనో లాప్‌టాప్‌లోనో మైక్రోసాఫ్ట్ సైన్-ఇన్ పేజీ తెరిచి, ‘ఫర్‌గాట్ పాస్‌వర్డ్’ నొక్కి, అకౌంట్‌కు ఇచ్చిన ఫోనుకో మెయిలుకో వచ్చే కోడ్ కొట్టి కొత్త పాస్‌వర్డ్ పెట్టమనండి. ఇక్కడ చాలామంది జారేది రెండుచోట్ల. ఒకటి: అకౌంట్ పేరు జీమెయిల్ చిరునామా అయితే జీమెయిల్ పాస్‌వర్డే కొడుతుంటారు. చిరునామా గూగుల్‌దే, కానీ ఆ అకౌంట్‌కు మైక్రోసాఫ్ట్ దగ్గర పెట్టిన పాస్‌వర్డ్ వేరు. రెండు: పాస్‌వర్డ్ అక్కడ మారినంత మాత్రాన ఇక్కడి కంప్యూటర్‌కు తెలిసిపోదు. నెట్ లేకపోతే అది తన దగ్గరున్న పాతదానితోనే పోల్చుకుంటుంది. కాబట్టి సైన్-ఇన్ తెరలోనే, కింద కుడివైపు నెట్‌వర్క్ బొమ్మ నొక్కి వైఫై కలపండి, లేదా రూటర్ నుంచి కేబుల్ గుచ్చండి. ఆ తరవాతే కొత్త పాస్‌వర్డ్ కొట్టండి. తెర పిన్ అడుగుతుంటే ‘సైన్-ఇన్ ఆప్షన్స్’ నొక్కి తాళంచెవి బొమ్మ ఎంచుకుంటే పాస్‌వర్డ్ పెట్టె వస్తుంది.

కోడ్ వెళ్ళేది మీ అబ్బాయి వదిలేసిన పాత ఇండియా నంబరుకైతే కొంచెం ఓపిక పట్టాలి. మైక్రోసాఫ్ట్‌కు అకౌంట్ రికవరీ ఫారం ఒకటుంది. పాత పాస్‌వర్డులు, ఈమధ్య మెయిల్ పంపినవారి చిరునామాలు, సబ్జెక్టు లైన్లు ఎన్ని నింపగలిగితే అంత మేలు. టూ-స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) పెట్టుకున్న అకౌంట్‌కు ఈ ఫారం పనికిరాదు. అకౌంట్ భద్రతకు ఇచ్చిన వివరాలన్నీ ఒక్కసారిగా మార్చేస్తే 30 రోజులు ఆగాల్సి వస్తుంది. ఈ దశలో గూగుల్‌లో వెతికి కనిపించిన ‘సపోర్ట్’ నంబరుకు ఫోన్ చేయకండి. మైక్రోసాఫ్ట్ ఉద్యోగులే మీ పాస్‌వర్డ్ మార్చి ఇవ్వలేరు, అవతలివాడు ఎనీడెస్క్ (దూరం నుంచి మీ కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టించి ఓటీపీ అడుగుతున్నాడంటే వాడికి కావలసింది మీ బ్యాంకు ఖాతా. అప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఇక లోకల్ అకౌంట్. విండోస్ 10లో 2018 నాటి 1803 వెర్షన్ నుంచి లోకల్ అకౌంట్‌కు పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు మూడు భద్రతా ప్రశ్నలు అడుగుతోంది. ఏదో ఒక తప్పు పాస్‌వర్డ్ కొట్టండి, ఓకే నొక్కండి, ‘రీసెట్ పాస్‌వర్డ్’ వస్తుంది, దాన్ని నొక్కితే ఆ మూడు ప్రశ్నలూ వస్తాయి. జవాబులు మీ అబ్బాయివి, కాబట్టి ఫోన్‌లో పెట్టుకుని చేయండి. ఆ ప్రశ్నలు మన ఇళ్ళను చూసి రాసినవి కావు. ‘అందరికంటే పెద్ద కజిన్ పేరు’ అంటుంది – పెదనాన్న కొడుకా, మేనత్త కూతురా? ‘అమ్మానాన్న కలుసుకున్న ఊరు’ అంటుంది – పెళ్ళిచూపులు జరిగిన ఊరు అని రాశాడో, ఏం రాశాడో. పుట్టిన ఊరు అడిగితే స్పెల్లింగుతో చిక్కు. విజాగ్ అని ఒకసారి, విశాఖపట్నం అని ఒకసారి, రాజమండ్రిని మూడు నాలుగు రకాలుగా రాస్తాం. కుర్రవాడు ఏ స్పెల్లింగ్ వాడేవాడో గుర్తు తెచ్చుకుని ఒక్కొక్కటీ కొట్టి చూడండి. ఒకప్పుడు పాస్‌వర్డ్ రీసెట్ డిస్క్ చేసి పెట్టి ఉంటే, ఆ పెన్‌డ్రైవ్ గుచ్చినా ఇదే ‘రీసెట్ పాస్‌వర్డ్’ దగ్గర పనిచేస్తుంది. అందులో యూజర్‌కీ అనే చిన్న ఫైలు ఉంటుంది. మరిచిపోయాక దాన్ని తయారుచేయడం కుదరదు.

మీకు వర్తించకపోయినా, చదివే మిగతావారి కోసం ఒక మాట: కంప్యూటర్‌లో ఇంకో అడ్మిన్ అకౌంట్ ఉంటే అందులోంచి కంట్రోల్ ప్యానెల్, యూజర్ అకౌంట్స్, ‘మేనేజ్ అనదర్ అకౌంట్’ దారిన వెళ్ళి మరిచిపోయిన అకౌంట్‌కు కొత్త పాస్‌వర్డ్ పెట్టేయవచ్చు. రెండు నిమిషాల పని. స్టాండర్డ్ అకౌంట్‌కు ఆ అధికారం ఉండదు. సేఫ్ మోడ్‌లోకి వెళ్తే దాగి ఉన్న అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ లేకుండా తెరుచుకుంటుందన్న చిట్కా విండోస్ ఎక్స్‌పీ కాలం నాటిది. విస్టా నుంచీ ఆ అకౌంట్‌ను మూసే ఇస్తున్నారు.

పై దారులేవీ తెరుచుకోకపోతే ఇప్పుడు పెరటి తలుపు. ఇంట్లోనో పక్కింట్లోనో పనిచేసే కంప్యూటర్ ఒకటి, కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి, మీ డేటా పట్టే ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఒకటి కావాలి. ఆ కంప్యూటర్‌లో ఉబుంటు లినక్స్ (విండోస్‌తో పనిలేకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఐఎస్ఓ ఫైలు డౌన్‌లోడ్ చేసుకుని, రూఫస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పెన్‌డ్రైవ్‌కు ఎక్కించాలి. పెన్‌డ్రైవ్‌లో అప్పటికి ఉన్నదంతా పోతుంది, ముందే ఖాళీ చేసుకోండి.

తరవాత మీ డెస్క్‌టాప్ దగ్గరికి రండి. దాన్ని ఆపే పద్ధతి ముఖ్యం. విండోస్ 10 మామూలుగా షట్‌డౌన్ చేస్తే పూర్తిగా ఆగదు. ఫాస్ట్ స్టార్టప్ వల్ల సగం నిద్రలోకి వెళ్తుంది. అప్పుడు లినక్స్ ఆ డ్రైవ్‌ను తెరవడానికి మొరాయిస్తుంది, లేదా చదవడానికి మాత్రమే ఒప్పుకుంటుంది. సైన్-ఇన్ తెరలో పవర్ బొమ్మ నొక్కి, షిఫ్ట్ మీట పట్టుకునే ‘షట్‌డౌన్’ ఎంచుకుంటే పూర్తిగా ఆగుతుంది. పెన్‌డ్రైవ్ గుచ్చి, మళ్ళీ ఆన్ చేస్తూనే బూట్ మెనూ (కంప్యూటర్ దేని నుంచి లేవాలో ఎంచుకునే జాబితా) మీటను టకటకా నొక్కుతూ ఉండండి. అసెంబుల్డ్ కాబట్టి మీ మదర్‌బోర్డు కంపెనీ చూసుకోవాలి: గిగాబైట్‌కు ఎఫ్12, ఆసుస్‌కు ఎఫ్8, ఎంఎస్ఐ, ఏఎస్‌రాక్‌లకు ఎఫ్11. కంపెనీ సిస్టమ్స్‌లో డెల్, లెనోవోలకు ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9. వచ్చిన జాబితాలో పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోండి. ఉబుంటు లేచాక ‘ట్రై ఉబుంటు’ అన్నదే నొక్కాలి. ‘ఇన్‌స్టాల్’ నొక్కి ముందుకు వెళ్తే డిస్క్ తుడిచిపెట్టే ప్రమాదం ఉంది, అక్కడ తొందరపడకండి.

ఫోల్డర్ బొమ్మ నొక్కితే ఎడమవైపు మీ డ్రైవ్‌లు కనిపిస్తాయి. సి, డి అన్న పేర్లు ఇక్కడ ఉండవు. సైజును బట్టి, లోపల ‘విండోస్’, ‘యూజర్స్’ ఫోల్డర్లు ఉన్నదాన్ని బట్టి సి డ్రైవ్‌ను గుర్తుపట్టాలి. తెరవగానే తాళం బొమ్మతో కీ అడిగితే అది బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్. మీలాంటి పాత అసెంబుల్డ్ డెస్క్‌టాప్‌లో ఇది అరుదు. కొత్త లాప్‌టాప్‌లలో, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదలుపెట్టినవాటిలో, మనం అడక్కపోయినా దానంతటదే ఆన్ అయి ఉంటుంది. అప్పుడు 48 అంకెల రికవరీ కీ ఉండాలి. అది ఆ అకౌంట్‌లోకి బ్రౌజర్‌లో వెళ్తే డివైసెస్ పేజీలో దొరుకుతుంది. కీ దొరకకపోతే ఆ డిస్క్‌ను ఏ షాపువాడూ చదవలేడు, చదువుతానన్నవాడిని నమ్మకండి.

కాపీ చేయాల్సినవి ఏవి? యూజర్స్ ఫోల్డర్‌లో మీ అబ్బాయి పేరు మీదున్న ఫోల్డర్ మొత్తం తీసుకోండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ అన్నీ అందులోనే ఉంటాయి. ‘డెస్క్‌టాప్ మీద పెట్టాను, సి డ్రైవ్‌లో ఏమీ లేదు’ అంటుంటారు గానీ డెస్క్‌టాప్ ఉన్నదే సి డ్రైవ్‌లో. తరవాత సి డ్రైవ్‌లో విడిగా పెట్టుకున్న ఫోల్డర్లు. డీటీపీ చేసేవారు తప్పక మరిచేవి ఫాంట్లు. డీటీపీలో వాడే ‘అను’ తెలుగు ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తించే ప్రామాణిక అక్షర పద్ధతి) కావు. ఫైలు భద్రంగా ఉన్నా ఫాంటు లేకపోతే తెరమీద తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. విండోస్ ఫోల్డర్‌లోని ‘ఫాంట్స్’ ఫోల్డర్ మొత్తం కాపీ చేయండి. కొన్ని ఫాంట్లు యూజర్ ఫోల్డర్‌లో, యాప్‌డేటా, లోకల్, మైక్రోసాఫ్ట్, విండోస్, ఫాంట్స్ వరుసలో కూర్చుని ఉంటాయి. యూజర్ ఫోల్డర్ మొత్తం తీసుకుంటే అవీ వస్తాయి. అను సెటప్ సీడీ, పేజ్‌మేకర్ సెటప్, వాటి లైసెన్సు వివరాలు బీరువాలో ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి, ఎందుకంటే కాపీ చేసిన ప్రోగ్రామ్ ఫోల్డర్ మామూలుగా కొత్త విండోస్‌లో నడవదు. క్రోమ్ బుక్‌మార్కులు యూజర్ ఫోల్డర్‌లోనే ఉంటాయి. సేవ్ చేసుకున్న పాస్‌వర్డులు మాత్రం గూగుల్ అకౌంట్‌తో సింక్ అయి ఉంటేనే దక్కుతాయి.

ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను సాధారణంగా నీలిరంగులో ఉండే యూఎస్‌బీ 3 పోర్టుకే గుచ్చండి. నల్లటి పాత పోర్టులో 100 జీబీకి సుమారు గంట పడుతుంది, చిన్న ఫైళ్ళు వేలల్లో ఉంటే ఇంకా ఎక్కువ. 4 జీబీ దాటిన వీడియో దగ్గర కాపీ ఆగిపోతే ఆ డిస్క్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉందని అర్థం. ఖాళీ డిస్క్ చూసి దాన్ని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకుంటే సరి. కాపీ అయ్యాక రెండుచోట్లా ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఫైళ్ళ సంఖ్య పోల్చండి. పాత ఫోటోలు నాలుగు, పేజ్‌మేకర్ ఫైళ్ళు రెండు పక్కింటి కంప్యూటర్‌లో తెరిచి చూసుకోండి. ఆ పని అయ్యేదాకా తరవాతి అడుగు వేయకండి.

ఇంత తతంగం ఎందుకు, పాస్‌వర్డ్ తుడిచేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కదా అంటారేమో. ఉన్నాయి. పెన్‌డ్రైవ్ నుంచి లేచి ఆ శామ్ ఫైల్లో లోకల్ అకౌంట్ పాస్‌వర్డ్‌ను ఖాళీ చేస్తాయి. మీ సొంత కంప్యూటరే కాబట్టి అందులో తప్పేమీ లేదు. కానీ అలా బలవంతంగా మార్చినప్పుడు పాత పాస్‌వర్డ్‌తో ముడిపడ్డ తాళాలు తెగిపోతాయి: విండోస్ ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైళ్ళు, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు ఇక తెరుచుకోవు. మైక్రోసాఫ్ట్ అకౌంట్లకు, బిట్‌లాకర్ ఉన్న డిస్క్‌లకు ఇవి అక్కరకు రావు. సైన్-ఇన్ తెరలోని ఈజ్ ఆఫ్ యాక్సెస్ బొమ్మ స్థానంలో కమాండ్ ప్రాంప్ట్ పెట్టే యూట్యూబ్ చిట్కాను విండోస్ డిఫెండర్ ఇప్పుడు దాడిగానే గుర్తిస్తుంది. పనయ్యాక తిరిగి సరిచేయకపోతే ఆ కంప్యూటర్ ముందు కూర్చున్న ప్రతివాడికీ తలుపు తీసినట్టే. ఫైళ్ళు బయటికి తీసుకున్నాక, ఇలాంటివి తెలిసిన మనిషి దగ్గరుండి చేస్తే చేయనివ్వండి. డబ్బు కట్టించుకునే ‘ట్రయల్’ సాఫ్ట్‌వేర్లు, ఎవరో పంపిన లింకులు మాత్రం వద్దు.

ఫైళ్ళు చేతికి వచ్చాక ఫార్మాట్ అన్న మాటకు భయపడనక్కర్లేదు. సైన్-ఇన్ తెరలో షిఫ్ట్ పట్టుకుని ‘రీస్టార్ట్’ నొక్కండి. నీలి తెర వస్తుంది. ‘ట్రబుల్‌షూట్’, ‘రీసెట్ దిస్ పీసీ’, ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ వరుసగా ఎంచుకోండి. పక్కనే ఊరించే ‘కీప్ మై ఫైల్స్’ మీకు పనికిరాదు. అది అకౌంట్లను అలాగే ఉంచుతుంది, మరిచిపోయిన పాస్‌వర్డూ అలాగే ఉంటుంది. తరవాత ‘లోకల్ రీఇన్‌స్టాల్’ తీసుకోండి. ‘క్లౌడ్ డౌన్‌లోడ్’ అయితే 4 జీబీకి పైగా నెట్ ఖర్చవుతుంది. అప్పుడు వస్తుంది అసలైన ప్రశ్న: విండోస్ ఉన్న డ్రైవ్ మాత్రమేనా, అన్ని డ్రైవులా? షాపుల్లో అసెంబుల్ చేసేటప్పుడు సి, డి, ఇ అని విడగొట్టి ఇస్తారు కాబట్టి ‘ఓన్లీ ద డ్రైవ్ వేర్ విండోస్ ఈజ్ ఇన్‌స్టాల్డ్’ అన్నదే నొక్కాలి. రెండోది నొక్కితే డి డ్రైవ్‌లోని పదేళ్ళ పనీ పోతుంది. చివరగా ‘జస్ట్ రిమూవ్ మై ఫైల్స్’ చాలు. ‘క్లీన్’ అనేది కంప్యూటర్ అమ్మేసేవారికి, హార్డ్‌డిస్క్ మీద గంటల తరబడి సాగుతుంది. మధ్యలో కరెంటు పోతే విండోస్ సగంలో ఆగి లేవకుండా పోవచ్చు. యూపీఎస్ బ్యాటరీ పది నిమిషాలకు మించి నిలవకపోతే, కోత లేని వేళ చూసి మొదలుపెట్టండి.

విండోస్ కీ గురించి బెంగ వద్దు. ఇంతకుముందు సరిగా యాక్టివేట్ అయి ఉంటే అదే మదర్‌బోర్డు మీద అదే ఎడిషన్ ఎక్కించినప్పుడు, నెట్ కలపగానే మళ్ళీ దానంతటదే యాక్టివేట్ అవుతుంది. మొదటి సెటప్‌లో నెట్ కేబుల్ తీసి ఉంచితే లోకల్ అకౌంట్ పెట్టుకునే అవకాశం ఇస్తుంది. ఒక సంగతి తెలిసి ఉండాలి: విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. పేజ్‌మేకర్, అను కోసం దాన్నే ఉంచుకుంటే ఉంచుకోండి, బ్యాంకు పనులు మాత్రం దాని మీద చేయకండి.

ఒకవేళ షాపుకే ఇవ్వాల్సి వస్తే ‘పాస్‌వర్డ్ తీసిపెట్టండి’ అనకండి. ‘ముందు సి డ్రైవ్‌లోని యూజర్స్, ఫాంట్స్ ఫోల్డర్లు ఈ ఎక్స్‌టర్నల్ డిస్క్‌కు కాపీ చేయండి, నేను చూసుకున్నాక విండోస్ ఎక్కించండి, డి డ్రైవ్ ముట్టుకోవద్దు’ అని చీటీ మీద రాసి సీపీయూకి అంటించి ఇవ్వండి. డిస్క్ విప్పి వేరే సిస్టమ్‌కు తగిలించి కూడా వాళ్ళు ఈ పని చేయగలరు.

కొత్త విండోస్ లేచిన రోజే మీ పేరుతో ఒక అకౌంట్, అబ్బాయి పేరుతో ఇంకొకటి చేయండి. సెట్టింగ్స్, అకౌంట్స్, ‘ఫ్యామిలీ అండ్ అదర్ యూజర్స్’లో రెండో అకౌంట్ చేర్చి, ‘ఛేంజ్ అకౌంట్ టైప్’ నొక్కి అడ్మినిస్ట్రేటర్‌గా మార్చాలి. ఆ రెండో పాస్‌వర్డ్ రాసిన కాగితం ఇనప్పెట్టెలో పెట్టే ముందు, సైన్ అవుట్ అయి, ఆ కాగితం చూసుకుంటూ మీ చేత్తోనే ఒకసారి టైప్ చేసి లోపలికి వెళ్ళి చూడండి.